లైసెన్స్ తుపాకీ బ్యారెల్‌ను మార్చుకోవచ్చా? సొంతంగా నింపిన పొడవు తూటాలు వాడితే ఏమవుతుంది?

మీ దగ్గర లైసెన్స్ ఉంది. పిస్టల్ మీ పేరు మీదే ఉంది. దాని బ్యారెల్‌ను లోపల కాస్త తొలిపించి, కంపెనీ తూటా కంటే పొడవైన తూటా పట్టేలా చేయించుకుంటే తప్పేంటి?

యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసే చాలామందికి వచ్చే సందేహమే ఇది. అక్కడ ఇంటి గ్యారేజీలో కూర్చుని ఖాళీ తొడుగుల్లో మళ్లీ మందు నింపుకోవడం, ఆ తూటాలకు తగ్గట్టు పిస్టల్‌ను సరిచేయించుకోవడం ఒక హాబీ. మన దగ్గర మాత్రం లైసెన్స్ లేకుండా తుపాకీని మార్చినా, తూటా తయారుచేసినా కనీసం ఏడేళ్ల జైలు. గరిష్ఠంగా యావజ్జీవం.

చట్టం ఇంత కఠినంగా ఎందుకుంది? తూటా ఒకట్రెండు మిల్లీమీటర్లు పెరిగితే వచ్చే ముప్పేంటి? మీ తుపాకీ సరిగా పనిచేయకపోతే ఎవరి దగ్గరకు వెళ్లాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

తూటాలో ఏముంటుంది?

మనం వాడుకలో మొత్తం తూటానే బుల్లెట్ అంటాం. నిజానికి అందులో నాలుగు భాగాలుంటాయి. మొదటిది ఇత్తడి తొడుగు. దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, ముందు భాగంలో సీసం లేదా రాగి పూత ఉన్న బుల్లెట్ ఉంటాయి.

ట్రిగ్గర్ నొక్కగానే పిన్ను ప్రైమర్‌ను కొడుతుంది. మందు అంటుకుని క్షణంలో వేడి వాయువుగా మారుతుంది. ఆ ఒత్తిడికి బుల్లెట్ ముందుకు దూసుకెళ్తుంది. తొడుగు మాత్రం వెనకే ఉండిపోతుంది.

ఆ ఒత్తిడి ఎంతో తెలుసా? మీ కారు టైరులో గాలి ఒత్తిడి 30 నుంచి 35 పీఎస్‌ఐ. 9 ఎంఎం పిస్టల్ తూటాకు అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ పెట్టిన గరిష్ఠ పరిమితి 35,000 పీఎస్‌ఐ. అంటే టైరులో ఉండేదానికి సుమారు వెయ్యి రెట్లు. మన దగ్గర ఎక్కువగా కనిపించే .32 పిస్టల్ తూటాకు ఈ పరిమితి 20,500 పీఎస్‌ఐ. ఈ పేలుడు మీ అరచేతికి కొన్ని అంగుళాల దూరంలో జరుగుతుంది.

పొడవు ఎందుకు పెంచుతారు?

తూటా మొత్తం పొడవుకు ప్రమాణాలున్నాయి. 9 ఎంఎం తూటా గరిష్ఠంగా 29.69 మి.మీ. ఉండాలి. ఫ్యాక్టరీ తూటాలు ఈ పరిమితి లోపలే వస్తాయి. పిస్టళ్ల తయారీదారులు కూడా దీన్ని దృష్టిలో పెట్టుకునే చాంబర్, మ్యాగజైన్ తయారుచేస్తారు.

సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లు బుల్లెట్‌ను తొడుగులోకి ఎంత లోతుగా దించాలన్నది తామే నిర్ణయించుకుంటారు. బుల్లెట్ ఎక్కువ లోపలికి దిగితే మందుకు చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. కాస్త బయటికి ఉంచితే చోటు పెరుగుతుంది. కొన్ని రకాల బుల్లెట్లు పొడవుగా ఉంచినప్పుడే మ్యాగజైన్ నుంచి చాంబర్‌లోకి సాఫీగా ఎక్కుతాయి. అమెరికాలో పోటీల్లో పాల్గొనే షూటర్లు పొడవు వైపు మొగ్గు చూపడానికి ఇవే ముఖ్య కారణాలు.

అయితే బుల్లెట్‌ను బయటికి ఉంచిన కొద్దీ ఇంకో సమస్య ఎదురవుతుంది. చాంబర్ దాటగానే బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులు మొదలవుతాయి. బుల్లెట్‌ను గిర్రున తిప్పి సూటిగా పంపేవి ఇవే. చాంబర్‌కు, ఈ గాడులకు మధ్య కొద్దిపాటి ఖాళీ దారి ఉంటుంది. తూటా పొడవు పెరిగితే బుల్లెట్ మూతి ఆ ఖాళీ దాటి గాడులకు ఆనుతుంది. అందుకే కొందరు గాడుల మొదటి భాగాన్ని కొంత మేర కోయించి, ఖాళీ దారి పొడవు పెంచుకుంటారు. వీడియోల్లో కనిపించే 'బ్యారెల్ మార్పు' చాలావరకు ఇదే.

ముప్పు ఎక్కడుంది?

ముందుగా, మార్పు చేయని బ్యారెల్‌లో పొడవు తూటా వేస్తే ఏమవుతుందో చూద్దాం.

బుల్లెట్ గాడులకు అడ్డుపడి స్లైడ్ పూర్తిగా మూసుకోకపోవచ్చు. తొడుగు వెనక భాగానికి ఉక్కు ఆసరా పూర్తిగా అందని ఆ స్థితిలో తూటా పేలితే ఇత్తడి చిట్లి, వేడి వాయువు మ్యాగజైన్‌లోకి, చేతిలోకి తన్నుతుంది. ఒకవేళ స్లైడ్ మూసుకున్నా బుల్లెట్ గాడుల్లో బిగిసి ఉంటుంది కాబట్టి కదలడానికి ఎక్కువ బలం కావాలి. ఆ కొద్ది ఆలస్యంలోనే ఒత్తిడి పరిమితి దాటుతుంది. కాల్చకుండా తూటా బయటికి తీయబోయినా ఇబ్బందే. బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుపోయి తొడుగు ఒక్కటే ఊడి వస్తుంది, మందు లోపలంతా ఒలికిపోతుంది.

బ్యారెల్‌ను మార్చేస్తే ఇవన్నీ తీరిపోతాయా? అక్కడ కొత్త చిక్కులు వస్తాయి. కోసిన ఉక్కును తిరిగి అతికించలేం. కోత మి.మీ.లో పదో వంతు పక్కకు తప్పినా, చాంబర్ గోడ పలచబడినా తొడుగుకు ఆసరా పోతుంది. 9 ఎంఎం వంటి తూటాల తొడుగు అంచు చాంబర్ లోపలి మెట్టుకు ఆని నిలబడుతుంది. గాడులతో పాటు ఆ మెట్టు కూడా కోతకు గురైతే తూటా ఉండాల్సిన చోటు కంటే ముందుకు జారిపోతుంది. పని చేసింది కొలతలు తెలియని లేత్ మెషీన్ మేస్త్రీ అయితే తేడా బయటి నుంచి కంటికి కనిపించదు. తెలిసేది కాల్చినప్పుడే.

ఇంకోటి కూడా ఉంది. ఆ తుపాకీ ఎప్పటికీ మీ దగ్గరే ఉండదు. రేపు అమ్ముతారు, లేదా మీ వారసులకు వెళ్తుంది. లోపల ఏం మార్చారో వాళ్లకు తెలియదు.

పొడవే తాళంగా పనిచేసిన తూటా

తూటా పొడవు భద్రతకు ఎంత ముఖ్యమో చెప్పడానికి 1935 నాటి ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలో అప్పటికే .38 స్పెషల్ రివాల్వర్లు ప్రజల చేతుల్లో విరివిగా ఉన్నాయి. ఆ ఏడాది స్మిత్ అండ్ వెసన్ అంతకంటే చాలా శక్తిమంతమైన .357 మ్యాగ్నమ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. పేర్లు వేరైనా రెండింటి బుల్లెట్ మందం దాదాపు ఒకటే.

కొత్త తూటాను పాత రివాల్వర్‌లో పెడితే ప్రమాదం. అందుకే .357 తొడుగును సుమారు 3.4 మి.మీ. పొడవుగా తయారుచేశారు. పాత రివాల్వర్ చాంబర్‌లో అది పూర్తిగా దిగదు, సిలిండర్ మూసుకోదు. నేటి ప్రమాణాల ప్రకారం .38 స్పెషల్ పరిమితి 17,000 పీఎస్‌ఐ కాగా, .357 పరిమితి 35,000. అంటే రెట్టింపు కంటే ఎక్కువ. ఆ రెట్టింపు ఒత్తిడిని పాత తుపాకీలోకి రాకుండా ఆపుతున్నది 3.4 మి.మీ. ఇత్తడి మాత్రమే. పాత రివాల్వర్ చాంబర్‌ను లోతుగా తొలిపించడమంటే ఆ తాళాన్ని చేజేతులా పగలగొట్టడమే.

'32 బోరు' అంటే ఒకటే తూటా కాదు

మన దగ్గర కూడా ఇలాంటి గందరగోళం ఉంది. ప్రభుత్వ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల్లో తయారై, లైసెన్స్‌దారులకు అమ్మే ఆయుధాల్లో .32 రివాల్వర్, .32 పిస్టల్ రెండూ ఉన్నాయి. వాడుకలో రెండింటినీ '32 బోరు' అనే అంటారు. కానీ వాటి తూటాలు వేరు. పిస్టల్ వాడేది .32 ఏసీపీ. దాని పొడవు గరిష్ఠంగా 25 మి.మీ. రివాల్వర్ వాడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. ఇది 32 మి.మీ. వరకు ఉంటుంది.

ఒకదాని కోసం చేసిన తూటాను ఇంకోదానిలో వాడకూడదు. కొనేటప్పుడు '32 బుల్లెట్లు ఇవ్వండి' అని ఊరుకోకండి. డబ్బా మీద ఉన్న పూర్తి పేరును, మీ ఆయుధం మీద చెక్కిన వివరాలను, లైసెన్స్‌లో రాసిన బోరును పక్కపక్కన పెట్టి చూసుకోండి. 'తూటా పట్టడం లేదు' అనే ఫిర్యాదు వచ్చినప్పుడు ముందుగా అనుమానించాల్సింది బ్యారెల్‌ను కాదు, తూటానే.

చట్టం ఏం చెబుతోంది?

దేశమంతటికీ వర్తించేవి 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నిబంధనలు. చట్టాన్ని 2019 డిసెంబరులో సవరించి శిక్షలు పెంచారు. మీకు సంబంధించిన సెక్షన్లు ఇవి.

సెక్షన్ 3: తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడానికి లైసెన్స్ తప్పనిసరి. 2019 సవరణ తర్వాత ఒక వ్యక్తి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అంతకు ముందు మూడు ఉండేవి. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బుల సభ్యులకు, డీలర్లకు కొన్ని మినహాయింపులున్నాయి.

సెక్షన్ 5: తుపాకీని, తూటాలను తయారుచేయడానికి, మార్చడానికి, మరమ్మతు చేయడానికి, పరీక్షించడానికి విడిగా లైసెన్స్ కావాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. మీ చేతిలో ఉన్నది ఆయుధాన్ని దగ్గర ఉంచుకునే లైసెన్స్. అది మార్పులకు, తయారీకి అనుమతి కాదు. ఇంట్లో తూటా నింపడం కూడా తయారీ కిందకే వస్తుంది.

సెక్షన్ 6: లైసెన్స్ లేకుండా బ్యారెల్‌ను పొట్టిగా కోయకూడదు. బొమ్మ తుపాకీని అసలు తుపాకీగా మార్చకూడదు. నిబంధనల్లో ఒక కేటగిరీలో ఉన్న ఆయుధాన్ని ఇంకో కేటగిరీకి మార్చడాన్ని కూడా 2019లో ఇందులో చేర్చారు.

సెక్షన్ 8: తుపాకీ మీదున్న నంబరు, గుర్తులను చెరపకూడదు, మార్చకూడదు.

సెక్షన్ 25: లైసెన్స్ లేకుండా తయారీ, మార్పు, మరమ్మతు, బ్యారెల్ కోత వంటి నేరాలకు కనీసం ఏడేళ్ల నుంచి యావజ్జీవం వరకు జైలు, జరిమానా. 2019కి ముందు ఇది మూడేళ్ల నుంచి ఏడేళ్లు. ఈ సెక్షన్ పని చేసిన మేస్త్రీకి నేరుగా వర్తిస్తుంది. చేయించిన యజమాని కూడా నేరానికి ప్రేరేపించినందుకు కేసులో ఇరుక్కుంటారు.

సెక్షన్ 30: లైసెన్స్ షరతులను ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ రద్దయ్యే అవకాశం దీనికి అదనం.

బోరు మారితే కేటగిరీయే మారిపోవచ్చు

మన నిబంధనలు బోరును బట్టి ఆయుధాలను 'నిషేధిత బోరు', 'నిషేధం లేని బోరు' అని విడదీస్తాయి. .32 పిస్టల్, .32 రివాల్వర్, .315 రైఫిల్ నిషేధం లేనివి. 9 ఎంఎం పిస్టల్ నిషేధిత బోరు కిందకు వస్తుంది. సైన్యం, పోలీసులు వాడే తూటాలు బయట దొరకకూడదన్నది దీని వెనకున్న ఆలోచన. నిషేధిత బోరు లైసెన్సులను రాష్ట్రాల్లోని అధికారులు కాకుండా కేంద్ర హోంశాఖ పరిశీలిస్తుంది.

కాబట్టి వేరే బోరు బ్యారెల్ బిగించినా, చాంబర్‌ను వేరే తూటాకు తగ్గట్టు మార్చినా మీ దగ్గరున్న వస్తువు లైసెన్స్‌లో రాసిన ఆయుధం కాకుండా పోతుంది. కాగితం మీద ఒకటి, చేతిలో ఇంకోటి. విడిగా కొన్న బ్యారెల్ విషయంలోనూ జాగ్రత్త. చట్టం దృష్టిలో ఆయుధ భాగాలు కూడా ఆయుధాలే. ఆన్‌లైన్‌లో విదేశాల నుంచి 'స్పేర్ పార్ట్' అని తెప్పించుకోవడం కుదరదు.

ఈ తేడా బయటపడదనుకోవద్దు. లైసెన్స్ రెన్యువల్ సమయంలో, ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసే సమయంలో ఆయుధం అధికారుల చేతుల్లోకి వెళ్తుంది.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఏం వర్తిస్తుంది?

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవడానికి అర్హత ఉన్న వ్యక్తి తన వాడకానికి తూటాలు నింపుకోవచ్చు. అమ్మకానికైతే లైసెన్స్ కావాలి. కొన్ని రాష్ట్రాల్లో అదనపు ఆంక్షలున్నాయి.

అయితే ఎఫ్-1, హెచ్-1బీ వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారికి తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవడం సాధారణంగా నిషేధం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉండటం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకున్న తుపాకీకి కూడా ఇదే వర్తిస్తుంది. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఉద్యోగం, వీసా సంగతి సరేసరి. 'ఫ్రెండ్ గ్యారేజీలో సరదాగా తూటాలు నింపాం' అని ఫొటోలు పెట్టే ముందు మీ వీసా ఏంటో గుర్తు తెచ్చుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ వీసా నిషేధం లేదు.

రేంజ్‌కు వెళ్లిన గుర్తుగా ఒక ఖాళీ తొడుగు జేబులో వేసుకుని ఇండియా రావడం ఇంకో పొరపాటు. మన చట్టంలో 'మందుగుండు' అనే మాటలో దాని భాగాలు కూడా ఉన్నాయి. విమానాశ్రయం స్కానర్‌లో అది దొరికితే ప్రయాణం ఆగుతుంది, కేసు కూడా నమోదు కావచ్చు. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరమని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మీకు తెలియదని నిరూపించుకునేది కోర్టులో. అప్పటికి విమానం వెళ్లిపోతుంది. బ్యాగు సర్దే ముందు జేబులన్నీ ఒకసారి దులపండి.

క్రీడాకారులకు ఈ అవసరం ఉంటుందా?

షూటింగ్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. పిస్టల్ విభాగంలో పిల్లలు మొదలుపెట్టేది ఎయిర్ పిస్టల్‌తో. అందులో మందే ఉండదు. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ పారిస్ ఒలింపిక్స్‌లో పోటీపడిన 25 మీటర్ల పిస్టల్ విభాగంలో వాడేది .22 తూటా. దీనికి విడిగా ప్రైమర్ ఉండదు, నిప్పు రాజేసే మందు తొడుగు అంచులోనే ఉంటుంది. కాబట్టి ఒకసారి కాల్చాక దాన్ని మళ్లీ నింపుకునే వీలు లేదు. తూటాలు, ఆయుధాలు కావాలంటే రాష్ట్ర రైఫిల్ సంఘం, జాతీయ రైఫిల్ సంఘం ద్వారానే వెళ్లాలి.

మరి మీరేం చేయాలి?

తుపాకీ జామ్ అవుతోందా? తూటా సరిగా కూర్చోవడం లేదా? ముందు కాల్చడం ఆపేయండి. తూటా లోపల ఇరుక్కుంటే ఊచతో పొడవకండి, సుత్తితో కొట్టకండి. మూతిని ఎవరూ లేని వైపు ఉంచి, లైసెన్స్ ఉన్న డీలర్‌కు ఫోన్ చేయండి.

మరమ్మతుకు ఎవరికివ్వాలి? ఆయుధాల మరమ్మతుకు లైసెన్స్ ఉన్నవారికి మాత్రమే. వారి లైసెన్స్ చూపించమని అడగండి. మీ లైసెన్స్ వెంట తీసుకెళ్లండి. ఆయుధం నంబరు, చేసిన పని, తేదీ రాసిన రశీదు తీసుకోండి. బ్యాంకుల దగ్గర, ఏటీఎంల దగ్గర సొంత లైసెన్స్ తుపాకీతో కాపలా ఉద్యోగం చేసే మాజీ సైనికులకు ఈ రశీదు మరీ ముఖ్యం. ఆయుధం మీద ప్రశ్న వస్తే వాళ్ల ఉపాధికే ఎసరు.

వేరే బోరు కావాలనిపిస్తే? ఉన్నదాన్ని మార్చకండి. లైసెన్సింగ్ అధికారికి దరఖాస్తు చేసి, అనుమతితో పాతది అమ్మేసి కొత్తది కొనుక్కోండి. సాధారణంగా పోలీస్ కమిషనరేట్ ఉన్న చోట కమిషనర్, మిగతా చోట్ల జిల్లా కలెక్టర్ ఈ అధికారి. దరఖాస్తుకు కేంద్ర హోంశాఖ ఆన్‌లైన్ పోర్టల్ ఎన్‌డీఏఎల్-ఏఎల్‌ఐఎస్ ఉంది. మీ లైసెన్స్ మీద ఆ వ్యవస్థ ఇచ్చిన విశిష్ట గుర్తింపు సంఖ్య, అంటే యూఐఎన్ ఉందో లేదో చూసుకోండి.

తాతగారి తుపాకీ ఇంట్లో ఉందా? లైసెన్స్‌దారు చనిపోతే ఆ ఆయుధాన్ని అలాగే ఇంట్లో ఉంచుకోవడం నేరం. సెక్షన్ 21 ప్రకారం దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రశీదు తీసుకోండి. తర్వాత వారసుల్లో ఒకరు తన పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. అందులో ఎప్పుడైనా మార్పు జరిగిందని అనుమానం ఉంటే డిపాజిట్ చేసేటప్పుడే ఆ మాట చెప్పండి.

పాత తూటాలు దొరికాయా? ఇంట్లో నింపినవో, పచ్చబడినవో, డబ్బా లేనివో దొరికితే వాడకండి, చెత్తలో పడేయకండి, విప్పి చూడకండి. స్టేషన్‌కు లేదా 112కు ఫోన్ చేసి అప్పగించండి.

సెకండ్ హ్యాండ్ ఆయుధం కొంటున్నారా? అధికారి అనుమతి ఒక్కటే సరిపోదు. ఆయుధం మీది నంబరు, బోరు ఆ కాగితాలతో సరిపోతున్నాయా అన్నది చూడండి. బ్యారెల్, చాంబర్ అసలైనవేనా, ఏ తూటాకు తగ్గట్టు ఉన్నాయి అన్నది లైసెన్స్ ఉన్న డీలర్‌తో పరీక్ష చేయించి, ఆ మాట రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు చెల్లించండి.

లైసెన్స్ గడువు 2019 సవరణ తర్వాత ఐదేళ్లు. మీది ఎప్పుడు ముగుస్తుందో ఈరోజే పత్రం తీసి చూడండి. అదే పత్రంలో మీ ఆయుధం నంబరు, బోరు, మీరు ఒకసారి ఎన్ని తూటాలు కొనొచ్చు, ఏడాదికి ఎన్ని కొనొచ్చు అన్నవి రాసి ఉంటాయి. చేతిలో ఉన్నవాటితో అవన్నీ సరిపోయాయంటే మీకు ఇబ్బంది లేదు. ఏదైనా తేడా కనిపిస్తే తనిఖీ వచ్చేదాకా ఆగకుండా మీరే లైసెన్సింగ్ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.